బ్లాక్ కొట్టినా స్పామ్ మెయిల్స్ ఎందుకు ఆగట్లేదు? ఏ బటన్ దేనికి పనికొస్తుంది?

క్లుప్తంగా

బ్లాక్, అన్‌సబ్‌స్క్రైబ్, రిపోర్ట్ స్పామ్, రిపోర్ట్ ఫిషింగ్ అనే నాలుగు బటన్లూ చూడ్డానికి ఒకే పనికి పెట్టినట్టు ఉంటాయి గానీ లోపల జరిగేది నాలుగు రకాలు. తెలిసిన కంపెనీ విసిగిస్తుంటే అన్‌సబ్‌స్క్రైబ్ చాలు. ఒకే అడ్రస్ నుంచి ఒకే మనిషి వదలకుండా పంపుతుంటే బ్లాక్. ముక్కూమొహం తెలియని యాడ్ అయితే రిపోర్ట్ స్పామ్. బ్యాంకు పేరో ఇన్‌కమ్ ట్యాక్స్ పేరో తగిలించుకుని వస్తే రిపోర్ట్ ఫిషింగ్ (నమ్మించి పాస్‌వర్డ్‌లూ కార్డు వివరాలూ లాగే మోసాన్నే ఫిషింగ్ అంటారు). డబ్బు పోయిన కేసయితే ఈ బటన్లు అక్కరకు రావు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

మెయిల్ ఐడీ బయటికి ఎలా పోతుంది

విజయవాడలోనో గుంటూరులోనో ఉండే మామూలు కుటుంబం తమ మెయిల్ ఐడీని ఎన్నిచోట్ల రాసిస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకుంటే సగం సంగతి అర్థమైపోతుంది. బెసెంట్ రోడ్డులో బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్లో, ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా కూపన్ మీద, ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) ర్యాంకులొచ్చాక సీటు కోసం తిరిగినప్పుడు కాలేజీల్లో, అమెరికా చదువుల కన్సల్టెన్సీలో, అమరావతి చుట్టుపక్కల వెంచర్ చూడ్డానికి వెళ్తే సైట్ విజిట్ ఫారం మీద, పిల్లల రెజ్యూమేల రూపంలో జాబ్ పోర్టల్స్‌లో. వీటిల్లో సగం చోట్ల మెయిల్ ఐడీతో వాళ్లకి పనే లేదు, ఫారంలో గడి ఉంది కాబట్టి నింపేస్తాం, అంతే. ఆ ఫారాలు ఎక్సెల్ షీట్లయ్యి, ఆ షీట్లు చేతులు మారి, ఎక్కడో తేలతాయి. ఇంకో దారి డేటా లీకులు, ఏదో ఒక వెబ్‌సైట్ హ్యాక్ అయితే అందులో ఉన్న ఐడీలన్నీ ఒక్కసారే బయటపడతాయి. షాపు వెబ్‌సైట్‌లో కాంటాక్ట్ పేజీ మీద పెట్టిన ఐడీల్ని అయితే ప్రోగ్రాములే వెతికి ఏరుకుపోతాయి.

ఎవరి దగ్గర్నుంచి పోయిందో పట్టుకోడానికి జీమెయిల్‌లో ఒక వెసులుబాటు ఉంది. ఐడీలో ఎట్ గుర్తుకి ముందు ప్లస్ పెట్టి ఏదైనా పదం చేరిస్తే, అంటే ప్లస్ వెంచర్ అనో ప్లస్ కాలేజీ అనో రాస్తే, మెయిల్ మామూలుగానే అసలు ఇన్‌బాక్స్‌కి వస్తుంది, కానీ టు అడ్రస్‌లో ఆ పదం కనిపిస్తూనే ఉంటుంది. రేపు ఏ లోన్ కంపెనీ వాడో ప్లస్ వెంచర్ అన్న అడ్రస్‌కి యాడ్ పంపితే లీక్ ఎక్కడ జరిగిందో ఎవర్నీ అడగనక్కర్లేదు. కొన్ని వెబ్‌సైట్లు ప్లస్ గుర్తుని ఒప్పుకోవు, అలాంటి చోట్ల యాడ్ల కోసమని వేరే ఐడీ ఒకటి పెట్టుకోవడమే మేలు. బ్యాంకు, జీఎస్టీ, పాన్, పిల్లల వీసా పనులకి వాడే ఐడీ మాత్రం షాపుల్లో అస్సలు ఇవ్వకూడదు.

బ్లాక్ ఎందుకు సరిపోదు

మెయిల్స్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి వెళ్లే పద్ధతిని ఎస్ఎంటీపీ అంటారు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన రూల్స్ అవి. అప్పుడు ఆ నెట్‌వర్క్‌లో ఉన్నది యూనివర్సిటీలు, రీసెర్చ్ సంస్థలు, మిలిటరీ వాళ్లు, దాదాపు ఒకరికొకరు ఎరిగినవాళ్లే, అందుకని పంపేవాడు నిజంగా వాడేనా అని సరిచూసే ఏర్పాటు అందులో లేదు. పోస్టు కవరు మీద ఫ్రమ్ అడ్రస్ ఎవరిదైనా రాసెయ్యొచ్చు, డబ్బాలో వేసేటప్పుడు ఎవరూ అడగరు, మెయిల్ కూడా అలాగే మొదలైంది. అసలు మొదటి స్పామ్ అని చెప్పుకునేది అంతకన్నా ముందుదే, 1978 మే నెలలో డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థ్యూర్క్ కొత్త మెషిన్ల గురించి ఆర్పానెట్‌లో (ఇంటర్నెట్‌కి ముందున్న నెట్‌వర్క్ అది) ఇంచుమించు 400 మందికి ఒకేసారి పంపిన యాడ్.

ఇప్పుడు జీమెయిల్‌లో బ్లాక్ కొడితే జరిగేది ఏంటంటే, ఆ అడ్రస్ నుంచి ఇకమీద వచ్చే మెయిల్స్ ఇన్‌బాక్స్‌కి బదులు స్పామ్ ఫోల్డర్‌కి పోతాయి. పంపినవాడికి ఆ సంగతి తెలియదు, మెయిల్ వెనక్కి కూడా పోదు. పాత క్లయింటో, గొడవపడిన బంధువో, రోజూ ఒకే ఐడీ నుంచి పంపే ఏజెంటో అయితే ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ దొంగ లోన్ యాడ్, లాటరీ మెయిల్ పంపేవాడు ఇవాళ ఒక అడ్రస్, రేపు ఇంకో అడ్రస్ వాడతాడు, చాలాసార్లు ఆ అడ్రస్ వాడిదే కాదు. వందమందిని బ్లాక్ చేసినా నూటొకటోది వస్తూనే ఉంటుంది, బ్లాక్ లిస్టు పెరుగుద్ది గానీ మెయిల్స్ తగ్గవు. ఇంకా చిత్రం, కొంతమందికి సొంత ఐడీ నుంచే తమకి మెయిల్ వస్తుంది, నీ కంప్యూటర్ హ్యాక్ చేశాం, వీడియోలు ఉన్నాయి, బిట్‌కాయిన్ పంపు అని. అది చూసి భయపడి డబ్బులు కట్టినవాళ్లు ఉన్నారు, నిజానికి అక్కడ చాలావరకు జరిగింది ఫ్రమ్ గడిలో పేరు మార్చి రాయడమే. సెంట్ ఫోల్డర్‌లో ఆ మెయిల్ లేకపోతే ఫోర్జరీ అయ్యుండే అవకాశమే ఎక్కువ, మనశ్శాంతి కోసం పాస్‌వర్డ్ మార్చి టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసుకోవచ్చు.

పంపేవాడి లెక్క

ఎవరూ కొనరు కదా, ఇన్ని మెయిల్స్ ఎందుకు పంపుతారు అనే ప్రశ్నకి 2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ రీసెర్చర్లు స్పామ్ పంపే నెట్‌వర్క్‌లోకే దూరి జవాబు తెచ్చారు. మందులు అమ్ముతామంటూ వెళ్లిన దాదాపు 35 కోట్ల మెయిల్స్‌ని గమనిస్తే కొనడానికి ప్రయత్నించింది 28 మంది. వినడానికి ఇది నష్టం లెక్కలా ఉంటుంది గానీ పంపడానికి వాడికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా, ఎందుకంటే మెయిల్స్ వెళ్లేది వైరస్ ఎక్కిన జనం కంప్యూటర్లలోంచి, కరెంటు వాళ్లది, ఇంటర్నెట్ వాళ్లది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేసిన నెట్ సెంటర్ సిస్టమ్, అప్‌డేట్ చూడని ఆఫీసు కంప్యూటర్, ఇలాంటివే అందులో సైనికులవుతాయి.

అదే ఏడాది నవంబర్‌లో అమెరికాలో స్పామ్ పంపే నెట్‌వర్కుల్ని నడిపే సర్వర్లకి చోటిచ్చిన మెక్కోలో అనే హోస్టింగ్ కంపెనీకి ఇంటర్నెట్ కనెక్షన్ తీసేస్తే ప్రపంచం మొత్తం మీద స్పామ్ ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది, కొన్ని నెలల్లో మళ్లీ పుంజుకుంది అనుకోండి. స్పామ్ ఎక్కడ ఆగుతుందో ఆ సంఘటన చూపించింది. ఒక్కో మనిషి ఇన్‌బాక్స్ దగ్గర కన్నా, పంపే సర్వర్ దగ్గర, దాని పేరు ప్రతిష్ఠ దగ్గర దెబ్బ కొడితే ఎక్కువ ఆగుతుంది. రిపోర్ట్ బటన్ పని అదే.

రిపోర్ట్ స్పామ్ నొక్కాక జరిగేది

రిపోర్ట్ కొట్టగానే ఆ మెయిల్ కాపీ ఒకటి మెయిల్ కంపెనీకి వెళ్తుంది. ఎవరు పంపారు అన్నదొక్కటే వాళ్లు చూసుకోరు, ఏ సర్వర్ నుంచి వచ్చింది, ఏ డొమైన్ (ఐడీలో ఎట్ గుర్తు తర్వాత ఉండే పేరు) సంతకం ఉంది, లోపల ఉన్న లింకు ఎక్కడికి పోతుంది, మాటల వరస ఎలా ఉంది, ఇవన్నీ ఫిల్టర్‌కి పాఠాలవుతాయి. వాడు రేపు ఫ్రమ్ అడ్రస్ మార్చినా సర్వరో లింకో పాతదే అయితే దొరికిపోతాడు. అదీగాక గుంటూరులో ఒకాయన కొట్టిన రిపోర్ట్, అదే మెయిల్ అందుకునే ఇంకో ఊరివాళ్లకి కూడా కాపలా. బ్లాక్‌తో ఆ లాభం లేదు, అది ఆ ఒక్క ఇన్‌బాక్స్‌తో సరి.

ఫిల్టర్ల వెనక మూడు పరీక్షలు నడుస్తుంటాయి. ఎస్‌పీఎఫ్ అంటే ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపడానికి ఏ సర్వర్లకి అనుమతి ఉందో ఆ డొమైన్ ఓనర్ ముందే ప్రకటించి పెట్టే జాబితా. డీకిమ్ అంటే మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం, దారిలో ఎవరైనా మార్చితే తెలిసిపోతుంది. డీమార్క్ అంటే ఈ రెండూ ఫెయిలైతే ఏం చెయ్యాలో, వదిలెయ్యాలో స్పామ్‌లో పడెయ్యాలో పూర్తిగా తిప్పికొట్టాలో, డొమైన్ ఓనరే చెప్పే ఆదేశం. ఇవన్నీ పాత ఎస్ఎంటీపీకి తర్వాత అతికించిన తాళాలు.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ తాళాల్ని పెద్దఎత్తున మెయిల్స్ పంపేవాళ్లకి తప్పనిసరి చేశాయి. రోజుకి 5,000 పైన జీమెయిల్ ఐడీలకి పంపేవాళ్లు మూడూ పెట్టుకోవాలి, యాడ్ మెయిల్స్‌లో ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే ఏర్పాటు ఉండాలి, అడిగిన రెండు రోజుల్లో ఆపాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది ఫిర్యాదుల శాతం, అది 0.3కి చేరకూడదు. అంటే ఇన్‌బాక్స్‌కి చేరిన ప్రతి వెయ్యి మెయిల్స్‌కి ముగ్గురు స్పామ్ అని కొడితే చాలు, ఆ కంపెనీ మెయిల్స్ అందరికీ ఇన్‌బాక్స్ తప్పి స్పామ్‌లోకి పోవడం మొదలవ్వొచ్చు. నేనొక్కణ్ణి రిపోర్ట్ కొడితే ఏమవుతుంది అనుకునేవాళ్లు ఎక్కువ, లెక్క చూస్తే ఒక్కడి ఓటుకి ఇంత బరువు ఉన్న చోట్లు తక్కువే.

అన్‌సబ్‌స్క్రైబ్ ఎక్కడ, ఎక్కడ వద్దు

తెలిసి చేరిన కంపెనీ, కొన్న షాపు, వాడుతున్న యాప్ పంపేవి అయితే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కడం న్యాయం. జీమెయిల్‌లో పంపినవారి పేరు పక్కనే ఆ బటన్ కనిపిస్తుంది, ఆ కంపెనీ మెయిల్ లోపల కింద చిన్న అక్షరాల్లో దాచిన లింకు కన్నా ఇదే నయం. కొత్తగా వచ్చిన మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ అనే పేజీలో ఎవరెవరు ఎన్ని పంపుతున్నారో ఒకేచోట చూసి వరసగా తీసెయ్యొచ్చు.

ఎప్పుడూ పేరు వినని వాడి మెయిల్‌లో ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు సంగతి వేరు. అది నొక్కితే ఈ ఐడీ వాడుకలో ఉంది, మనిషి చదువుతున్నాడు అని వాడికి కబురు అందినట్టే, ఇంకొన్ని లిస్టుల్లోకి ఎక్కే ప్రమాదం ఉంది, కొన్నిసార్లు ఆ లింకే దొంగ పేజీకి తీసుకెళ్తుంది. అలాంటిదాన్ని తెరవకుండానే టిక్ పెట్టి రిపోర్ట్ కొట్టెయ్యడం మంచిది.

ఉన్నట్టుండి ఒకే గంటలో వందలకొద్దీ న్యూస్‌లెటర్లు, రిజిస్ట్రేషన్ మెయిల్స్ కురిస్తే మాత్రం కూర్చుని ఒక్కోటీ అన్‌సబ్‌స్క్రైబ్ చెయ్యకూడదు. బ్యాంకు లావాదేవీ మెయిల్‌నో ఆర్డర్ మెయిల్‌నో కంటపడకుండా కప్పెయ్యడానికి కొందరు మోసగాళ్లు వేసే ఎత్తు ఇది. ముందు బ్యాంకు ఖాతా, కార్డు, షాపింగ్ ఖాతాలు చూసుకోవాలి, ఇన్‌బాక్స్ శుభ్రం తర్వాత.

ఇన్‌బాక్స్ దాటి క్యాలెండర్‌లోకి దూరే స్పామ్ కూడా ఉంది, ఐఫోన్ గెలిచారు అని మీటింగ్ రూపంలో నోటిఫికేషన్ వస్తుంది. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో తెలిసినవాళ్లు పంపిన ఆహ్వానాలే చేరేలా మార్చుకుంటే అది ఆగుతుంది.

బ్యాంకు పేరు, ట్యాక్స్ పేరు

జులైలో రిటర్న్‌ల హడావుడి, నెలనెలా 20వ తారీఖు జీఎస్టీ హడావుడి, ఈ రెండు టైముల్లోనే గవర్నర్‌పేట ఆడిటర్ ఆఫీసులకి సార్ ఇది నిజమేనా అని క్లయింట్లు మెయిల్స్ పంపిస్తుంటారు. రీఫండ్ వచ్చింది, కార్డు వివరాలు ఇవ్వండి అని ఉంటే అది దొంగదే, ఎందుకంటే రీఫండ్ ముందే వెరిఫై చేసిన బ్యాంకు ఖాతాలో నేరుగా పడుతుంది, పిన్‌లూ పాస్‌వర్డ్‌లూ శాఖ మెయిల్‌లో అడగదు. నోటీసు అని వస్తే దాని మీద డిన్ నంబర్ (శాఖ ఒక్కో ఉత్తరానికి ఇచ్చే గుర్తింపు నంబర్) ఉందో లేదో చూడాలి, 2019 అక్టోబర్ నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ ఉత్తరాలకి ఆ నంబర్ వేస్తోంది, ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే ఆ నంబర్ అసలుదో కాదో చూసుకోవచ్చు. పోర్టల్‌కి మెయిల్‌లో ఉన్న లింకు మీద నుంచి కాకుండా అడ్రస్ సొంతంగా టైప్ చేసి వెళ్లాలి.

బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంకు ఒక మంచి పని చేసింది. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లని 2025 అక్టోబర్ 31 లోపు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే డొమైన్‌కి మార్చుకోవాలని చెప్పింది, ఆ తోక బ్యాంకులకి తప్ప వేరేవాళ్లకి ఇవ్వరు. కాబట్టి లింకులో వెబ్‌సైట్ పేరు చివర ఆ తోక ఉందో లేదో చూడటం ఇంట్లో పెద్దవాళ్లకి కూడా నేర్పించగలిగిన పని.

కాస్త ఓపిక ఉంటే కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ నొక్కితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పాసయ్యాయో ఫెయిలయ్యాయో అక్షరాల్లో కనిపిస్తుంది. ఫెయిల్ అని ఉంటే అనుమానించాలి. పాస్ అని ఉన్నంత మాత్రాన నమ్మెయ్యకూడదు, ఎందుకంటే మోసగాడు బ్యాంకు పేరుని పోలిన సొంత డొమైన్ కొనుక్కుని దానికి అన్ని సంతకాలూ పక్కాగా పెట్టుకోవచ్చు. ఆ పరీక్ష చెప్పేది ఈ మెయిల్ ఫలానా డొమైన్‌దే అని, ఆ డొమైన్ మంచివాడిదో చెడ్డవాడిదో అది చెప్పదు.

ఫిల్టర్ మరీ బిగిస్తే వ్యాపారానికి దెబ్బ

గుంటూరు మిర్చి వ్యాపారులకి, కోల్డ్ స్టోరేజీల వాళ్లకి, ఎక్స్‌పోర్టర్లకి ఈ గొడవ రెండు వైపుల నుంచీ తగులుతుంది. పేమెంట్, ఇన్‌వాయిస్, ఆఫర్, అర్జెంట్ లాంటి మాటలున్న మెయిల్స్ అన్నీ డిలీట్ అయ్యేలా ఫిల్టర్ పెట్టుకుంటే స్పామ్‌తో పాటు కొలంబోలోనో ఢాకాలోనో ఉన్న నిజం బయ్యర్ అడిగిన కొటేషన్ కూడా పోద్ది. డిలీట్ బదులు లేబుల్ వేసి పక్కన పెట్టేలా ఫిల్టర్ రాసుకోవాలి, స్పామ్ ఫోల్డర్‌ని వారానికి రెండుసార్లయినా కళ్లారా చూసి, అసలైనది కనిపిస్తే నాట్ స్పామ్ కొట్టాలి. ఆ బటన్ కూడా ఫిల్టర్‌కి పాఠమే.

రెండో వైపు ఇంకా ప్రమాదం. బయ్యర్ మెయిల్ ఖాతానో మన ఖాతానో ఎవడో గుట్టుగా చదువుతూ, సరిగ్గా డబ్బు పంపే టైముకి మా బ్యాంకు ఖాతా మారింది, కొత్త నంబర్ ఇదీ అని పంపుతాడు. డొమైన్‌లో ఒక్క అక్షరం తేడా ఉంటుంది, లేదా అసలు ఐడీ నుంచే వస్తుంది. దీన్ని ఏ స్పామ్ ఫిల్టరూ నమ్మకంగా పట్టుకోలేదు, అందులో యాడ్ లేదు, లింకు లేదు, రోజూ నడిచే ఉత్తరప్రత్యుత్తరాల్లాగే ఉంటుంది. ఖాతా నంబర్ మారిందన్న మెయిల్ వస్తే పాత ఫోన్ నంబర్‌కి కాల్ చేసి, తెలిసిన గొంతుతో మాట్లాడి ఖాయం చేసుకున్నాకే డబ్బు కదలాలి. మెయిల్‌లో ఇచ్చిన కొత్త ఫోన్ నంబర్‌కి కాదు.

సొంత డొమైన్ పెట్టుకున్న ఆటోనగర్, వన్‌టౌన్ సంస్థల్లో కొన్నిటికి తమ కొటేషన్లే ఎదుటివాళ్ల స్పామ్‌లో పడటం ఇంకో తలనొప్పి. చవక షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల సైట్లుంటాయి, వాటిల్లో ఒకటి స్పామ్ పంపితే ఆ సర్వర్ ఐపీ స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కి మిగతావాళ్లకీ చెడ్డపేరు వస్తుంది. వెబ్‌సైట్ చేసిచ్చినవాళ్లని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పెట్టారా అని అడగాలి, చాలామంది పెట్టకుండానే డబ్బులు తీసుకుని వెళ్లిపోతారు.

చట్టం ఎక్కడ నిలబడింది

ఫోన్ కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన 2018 రెగ్యులేషన్ ఉంది, 1909కి మెసేజ్ పెట్టి డీఎన్‌డీ (యాడ్లు వద్దని చెప్పే ఏర్పాటు) తీసుకోవచ్చు, రిపోర్ట్ చెయ్యొచ్చు. ఇది మెయిల్‌కి వర్తించదు. అమెరికాలో 2003లోనే స్పామ్ మెయిల్ మీద క్యాన్-స్పామ్ అనే చట్టం చేశారు, మన దగ్గర మెయిల్ స్పామ్ కోసమే అంటూ చట్టం లేదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌లో విసిగించడానికి, ఎవరు పంపారో తప్పుదోవ పట్టించడానికి పంపే మెయిల్స్ ప్రస్తావన ఉండేది, కానీ భావప్రకటన స్వేచ్ఛకి విరుద్ధమని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. కొట్టెయ్యడం సరైందే, ఆ సెక్షన్ దుర్వినియోగమైన తీరు అలాంటిది, అయితే స్పామ్‌కి పనికొచ్చే ఆ చిన్న ముక్కని వేరే రూపంలో మళ్లీ తేవాల్సిన పని అలాగే మిగిలిపోయింది. వేరేవాళ్లలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే 66డీ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం (దశలవారీగా అమల్లోకి వస్తోంది) సమ్మతి లేకుండా వివరాలు వాడకూడదంటుంది, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు కూడా ఇస్తుంది.

అంటే ఉత్త విసుగు పుట్టించే స్పామ్ మీద పోలీసుల దగ్గరికి వెళ్తే పెద్దగా దారి లేదు, మెయిల్ కంపెనీ రిపోర్ట్ బటనే దారి. మోసం అయితే దారులున్నాయి.

మోసం మెయిల్‌ని ఎవరికి చెప్పాలి

డబ్బు పోయిన నిమిషమే 1930. ఆ నంబర్ బ్యాంకులతో కలిపి నడిపే వ్యవస్థది, డబ్బు ఇంకా ఖాతాల మధ్య ఉండగానే పట్టి ఆపడం దాని పని, అందుకే గంటలు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చెయ్యాలి. డబ్బు పోకపోయినా ఆ పోర్టల్‌లో రాయొచ్చు. పోలీస్ స్టేషన్‌లో అయితే, 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, ఇది మా పరిధి కాదని తిప్పి పంపకూడదు.

ఇన్‌కమ్ ట్యాక్స్ పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌ని వెబ్‌మేనేజర్ ఎట్ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్‌కి పంపమని ఆ శాఖే చెప్తుంది, కాపీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి పెట్టాలి, వాళ్ల అడ్రస్ ఇన్సిడెంట్ ఎట్ సెర్ట్-ఇన్ డాట్ ఆర్గ్ డాట్ ఇన్. బ్యాంకు పేరుతో వస్తే ఆ బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఫిషింగ్ రిపోర్ట్ చేసే ఐడీ ఇచ్చి ఉంటుంది.

వీటన్నిటికీ కావాల్సింది అసలు మెయిల్, స్క్రీన్‌షాట్ కాదు. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే మెయిల్ ఏ సర్వర్ నుంచి బయల్దేరిందో చెప్పే హెడర్ వివరాలు రాలిపోతాయి. కంప్యూటర్‌లో షో ఒరిజినల్ తెరిచి డౌన్‌లోడ్ ఒరిజినల్ నొక్కితే హెడర్‌తో సహా ఫైల్ వస్తుంది, దాన్నే అటాచ్ చేసి పంపాలి. ఫోన్‌లో జీమెయిల్ యాప్‌లో ఈ సౌకర్యం కనిపించదు, కాబట్టి కంప్యూటర్ దగ్గరికి వెళ్లక తప్పదు. రిపోర్ట్ కొట్టాక మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో ఉంటుంది కదా తర్వాత చూద్దాం అని వదిలేస్తే, 30 రోజులు దాటాక జీమెయిల్ దాన్ని తనంతట తానే చెరిపేస్తుంది, అందుకని మోసం మెయిల్ అయితే ఆ ఫైల్ డౌన్‌లోడ్ చేసి భద్రపరిచాకే రిపోర్ట్ నొక్కాలి.